ఎంగిలి చెంచా

ఆ పొద్దున ఆకాశం కడగకుండా వదిలేసిన గిన్నెలా ఉంది. మబ్బు కురవదు, విడవదు. ఎండ ఒకచోట పొరలోంచి పసుపుగా కారి, కారినచోటే గడ్డకట్టినట్టు ఆగిపోయింది. గాలి లేదు. వీధి చివర కాలువ వాసన ఎక్కడికీ పోకుండా ఉన్నచోటే కూర్చుంది.

పైపుల మేస్త్రీ గుమ్మంలో నిలబడి ఆ ఆకాశాన్నే చూస్తున్నాడు. చూడ్డానికి అందులో ఏమీ లేదు. ఇంట్లోకి చూడకుండా ఉండటానికి పనికొచ్చింది, అంతే.

లోపల వదిన అన్నకు తినిపిస్తోంది. దుంపలూ పప్పూ ఉడికించి, మిక్సీలో రుబ్బి, గరిటె జారుగా చేసిన ముద్ద అది. అచ్చం గోడలకు పట్టించే లప్పం. పక్కన గ్లాసులో మంచినీళ్ళు. వాటిలోనూ ఏదో పొడి కలిపి చిక్కగా చేస్తారు. చెంచాతో ఎత్తితే నీళ్ళు పడవు, జలుబు చేసిన పిల్లాడి ముక్కులోంచి వేలాడినట్టు వేలాడతాయి. మేస్త్రీకి చూడకపోయినా వినబడుతుంది. చెంచా పళ్ళకు తగిలిన చప్పుడు. చాలాసేపు ఏమీ లేకపోవడం. తర్వాత గొంతులో ఎక్కడో బురదలోంచి కాలు పీకిన శబ్దం.

అన్న బస్సు కండక్టరు. నోరే అతని బతుకు. నిండు బస్సులో వెనకనుంచి కేకేస్తే ముందు సీట్లో నిద్రపోయేవాడు లేచి చిల్లర తీసేవాడు. అన్నం తింటూ కూడా ఆపేవాడు కాదు, ఒక ముద్ద లోపలికి, నాలుగు మాటలు బయటికి. అలాంటి మనిషికి ఒకరోజు డిపోలో ఎడమవైపు పడిపోయింది. చెయ్యి, కాలు, సగం మొహం. మాట ముద్దయింది. అదంతా ఇంట్లోవాళ్ళు ఊహించుకోగలరు. పక్షవాతమంటే కాలూ చెయ్యీ అని అందరికీ తెలుసు. మింగుడు కూడా పోతుందని ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

ఆసుపత్రిలో ముక్కులోంచి గొట్టం వేశారు. మంచి చేత్తో అన్న దాన్ని పీకేశాడు. మళ్ళీ వేశారు, మళ్ళీ పీకాడు. చివరకు మింగుడు నేర్పే అమ్మాయి ఒకామె వచ్చి, గొంతు మీద వేళ్ళు పెట్టి చూసి, చిక్కగా చేస్తే నోటితోనే పెట్టొచ్చని చెప్పింది. ఇంట్లో ఆమెకు మింగుడు టీచరని పేరు పడింది. ఇంటికొచ్చాక, పాపం అని పక్కింటాయన పలచటి టీ తాగించాడు. అది గొంతులో దారి తప్పింది. ఊపిరితిత్తులకు చీము పట్టి, మళ్ళీ ఆసుపత్రి. డాక్టరు ఈసారి తేల్చి చెప్పాడు: ఇంకోసారి ఇలా వస్తే నోటితో తిండి బంద్, పొట్టకు బొక్క పెట్టి గొట్టం వేస్తాం.

అన్న ఆ మాట విని, వంకర నోటితో చాలాసేపు తంటాలుపడి అన్నాడు: "నేనేం... బస్సునా... పక్కనుంచి... డీజిలు పొయ్యటానికి?"

అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు.

"ఇక చాల్లే ఆ మబ్బుల్ని కాపలా కాసింది. ఇటురా," అంది వదిన.

"రేపట్నుంచి చూసుకుంటాలే వదినా."

"రేపట్నుంచి కాదు, ఈ మధ్యాహ్నం నుంచే. సెలవు అయిపోయిందని నిన్ననగా చెప్పాను. నేను పోకపోతే ఆసుపత్రి దుప్పట్లు వాటంతటవే ఉతుక్కుంటాయా?"

"ఎవరన్నా మనిషిని పెడితే..."

"నువ్వు మనిషివి కాదా? లోకంలో వాళ్ళ తూముల్లో భుజందాకా చెయ్యి పెడతావు. తోడబుట్టినవాడి నోటికి చెంచా అందించలేవూ?"

"అది వేరు. ఆ కంపు ఎవరిదో. ఇది మనవాడిది."

"మనవాడిది కాబట్టే పెట్టమంటున్నా."

ఆమె అన్నది నిజమే. మేస్త్రీ సింకు కింద పడుకుని, జుట్టూ జిడ్డూ కలిసి తాడైపోయినదాన్ని ఉట్టి చేత్తో లాగి, వాసన చూసి, ఇది ఎన్నాళ్ళదో చెప్పగలడు. అదే చేత్తో ఎవరన్నా తాగిన గ్లాసు ముట్టుకోలేడు. చిన్నప్పుడు అన్న చొక్కా అంచు కప్పి కొరికిచ్చిన కాకెంగిలి బిళ్ళ కూడా వద్దని ఏడ్చినవాడు. పెళ్ళి మాటలు వచ్చినప్పుడల్లా అన్న నలుగురిలో నవ్వించేవాడు: "వీడికి పిల్లనివ్వాలంటే మూతి లేని పిల్లని వెతకాలి!" పెళ్ళి కాలేదు. అన్న ఇంట్లోనే వెనకగది, తన కంచం తనకు, తన గ్లాసు మేకుకు.

వదిన మొగుడి మూతి తుడిచి, బుగ్గలోకి గుడ్డ చుట్టిన వేలు పోనిచ్చి తిప్పింది. బయటికి వచ్చినదాన్ని చూసి మేస్త్రీ మళ్ళీ ఆకాశం వైపు తిరిగాడు.

"విను. నిటారుగా కూర్చోబెట్టు. గడ్డం గుండెకి ఆనాలి, తల వెనక్కి పోనివ్వకు. అర చెంచా, అంతకుమించి వద్దు. కుడివైపు పెట్టు. గొంతు బుడిపె పైకిపోయి కిందకి దిగేదాకా ఇంకోటి పెట్టకు. మధ్యమధ్య 'ఆ' అనమను. గొంతు తడిగా గరగరమంటే ఆపెయ్, దగ్గమను. అయిపోయాక ఎడమ బుగ్గ చూడు. అందులో దాక్కుంటుంది, ఆయనకి తెలీదు. పడుకోబెట్టకు. ఉట్టి నీళ్ళు చుక్క కూడా..."

"తెలుసు వదినా, తెలుసు."

"నీకేం తెలుసు? ఎప్పుడన్నా చూశావా?" అని ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. "మధ్యాహ్నం మింగుడు టీచరు వస్తానంది. సరిగ్గా పెట్టి ఉంచు. ఈసారి బాగుందంటే మెత్తటి అన్నం దాకా వస్తామంది." గుమ్మం దాటుతూ మొగుడి కేసి చూసింది. అన్న కుడిచేతి ఉంగరంతో కంచం అంచు మీద టంగుటంగుమని రెండు కొట్టాడు.

అది వాళ్ళిద్దరూ పెట్టుకున్న బేరం. తినేటప్పుడు మాట్లాడకూడదని టీచరు కట్టడి చేసింది, మాటకు గొంతు తెరుచుకుంటే ముద్ద అటే పోతుందట. నోరు మూయిస్తే అన్న ఊరుకుంటాడా? బస్సు గంట కంచానికి తెచ్చిపెట్టాడు. ఒక గంట కొడితే ఆపు. రెండు కొడితే పోనీ.

మధ్యాహ్నమైంది. మబ్బు అలాగే ఉంది. మేస్త్రీ చేతులు సబ్బుతో కడిగి, మళ్ళీ కడిగి, కుర్చీ అన్నకు పక్కగా వేసుకున్నాడు. ఎదురుగా వేసుకుంటే నోరు కనిపిస్తుంది. దిండు సర్దాడు, గడ్డం వంచాడు. గడ్డం తగిలిన వేళ్ళు తడిగా వచ్చాయి. లుంగీకి తుడుచుకున్నాడు. అన్న చూశాడు.

చెంచా నింపి, గోడ వైపు చూస్తూ అందించాడు. గోడమీద బల్లి ఉంది. చెంచా ఖాళీగా వచ్చింది. కాస్సేపాగి టంగుటంగు. ఇంకో చెంచా. టంగుటంగు. బల్లి ఒక పురుగును అందుకుని, తల రెండుసార్లు విదిలించి మింగేసింది. దానికి ఎవరు నేర్పారో. టంగుటంగు. వదినకు పూటంతా పట్టే పని ఇంత తొందరగా అవుతోందేమిటా అనుకున్నాడు మేస్త్రీ. ఆడవాళ్ళు చిన్నదాన్ని పెద్దది చేస్తారు అని కూడా అనుకున్నాడు. టంగుటంగు. గంటలు ఇంకా దగ్గర దగ్గరగా పడుతున్నాయి. ఈసారి ముద్ద పెడుతుంటే అన్న పెదవి మీదుగా వెచ్చటిది ఏదో వచ్చి బొటనవేలి మీద పడింది. చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది. "ఛీ" అన్నది నోట్లోంచి వచ్చిందో, మనసులోనే ఉందో అతనికి తెలియలేదు.

టంగుటంగు. టంగుటంగు.

కంచం ఖాళీ అయింది. అప్పుడు చూశాడు. అన్న ఎడమ బుగ్గ పళ్ళు నొప్పిపెట్టినవాడి బుగ్గలా ఉబ్బి ఉంది. పెదవి ఆ చివర లప్పం రంగు గీత కిందికి దిగుతోంది. గుడ్డ చుట్టిన వేలు పెట్టి తియ్యాలి. మేస్త్రీ గుడ్డను చూశాడు, వేలిని చూశాడు. గుడ్డను తిరిగి మడిచి పెట్టేశాడు.

"అడ్డుపడిందా? ఉండు, ఒక్క నిమిషం."

అతని పనిలో దీనికి మందు ఒకటే. జిడ్డు పేరుకుంటే నీళ్ళు కొట్టు, ఉన్నదంతా కొట్టుకుపోతుంది. కుండలోంచి మంచినీళ్ళు ముంచాడు. పొడి కలిపితే మళ్ళీ ఆ తీగలు సాగడం, ఆ వేలాడటం. వదిన చెప్పింది గుర్తులేక కాదు. ఒక్క గుక్కకి ఏమవుతుందిలే అనుకున్నాడు. గ్లాసు అన్న నోటి దగ్గర పెట్టాడు. అన్న తల అడ్డంగా ఊపాడు. కంచం మీద ఒక గంట కొట్టాడు, గట్టిగా.

"నీ గంటలు తర్వాత. ముందు ఇది దిగనీ," అని మేస్త్రీ గడ్డం పైకెత్తి పోశాడు.

క్షణంసేపు ఏమీ కాలేదు. మేస్త్రీకి తన పనితనం మీద గౌరవం కలిగింది. తర్వాత అన్న కళ్ళు నీళ్ళతో నిండాయి. మొహం ఎర్రబడింది, నల్లబడింది. ఛాతీలోంచి నీళ్ళు రాని కుళాయి తిప్పినట్టు ఒక గురక, దాని వెనకే దగ్గు. బుగ్గలో దాచినదంతా నీళ్ళతో కలిసి మేస్త్రీ చొక్కా మీద, మెడ మీద, మూతి మీద పడింది. మూతి మీద.

మేస్త్రీ కుర్చీ తన్నుకుని పెరట్లోకి పరిగెత్తాడు. కుళాయి తిప్పి మొహం కడిగాడు. పెదవులు రుద్దాడు, ఉమ్మాడు, మళ్ళీ రుద్దాడు. లోపల అన్న దగ్గుతున్నాడు. వినిపిస్తూనే ఉంది. వినిపిస్తుండగానే సబ్బు కోసం చెయ్యి చాచాడు.

"మేస్త్రీగారూ! మొహం తర్వాత కడుక్కోవచ్చు, ముందు ఇటు రండి!"

మింగుడు టీచరు ఎప్పుడొచ్చిందో, భుజాన సంచీ తియ్యకుండానే అన్నను ముందుకు వంచి పట్టుకుని ఉంది. చిన్నపిల్ల, పక్షిపిల్లంత ఉంటుంది, అంత మనిషిని ఒంటిచేత్తో ఆపుతోంది. "దగ్గండి కండక్టరుగారూ. ఇంకా. గట్టిగా. మొత్తం రానివ్వండి, సిగ్గుపడకండి. బాబాయ్, ఆ భుజం పట్టుకోండి. పక్కకి కాదు, ముందుకి!"

పట్టుకున్నాడు. అన్న వీపు చెయ్యి కింద పాత ఇంజనులా అదురుతోంది. కొంతసేపటికి దగ్గు తగ్గింది, నల్లరంగు దిగింది. "ఆ అనండి," అంది టీచరు. అన్న "ఆ" అన్నాడు. నీళ్ళలోంచి వచ్చిన గొంతు. మళ్ళీ దగ్గించింది. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ముందూ వెనకా విన్నది. డాక్టరుకు ఫోను చేసి పక్కకు వెళ్ళి మాట్లాడింది. తిరిగొచ్చి చెప్పింది: ఇప్పటికి ఊపిరి బాగానే ఉంది. ఆయాసంతో ఎగపోత వచ్చినా, జ్వరం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. రేపూ ఎల్లుండీ గడవాలి.

"వస్తే గొట్టమేనా?" అన్నాడు మేస్త్రీ.

"వస్తే అదే." కింద దొర్లుతున్న గ్లాసును చూసింది. "ఉట్టి నీళ్ళెవరు పోశారు?"

"నేనే. బుగ్గలో అడ్డుపడింది. నీళ్ళు కొడితే పోతుందని..."

"మీ పనిలో అడ్డు ఎక్కడుందో చూడకుండానే నీళ్ళు కొడతారా?"

"చూస్తాం. చూడకపోతే వెనక్కి తన్ని ఇల్లంతా పాడవుతుంది."

"ఇక్కడా అంతే. లోపల రెండు పైపులు ఆనుకుని ఉంటాయి, ఒకటి కడుపుకి, ఒకటి ఊపిరికి. మధ్యలో రెక్క ఉంటుంది. ఈయనకి ఆ రెక్క ఆలస్యంగా పడుతోంది. నీళ్ళు దానికంటే ముందు పరిగెడతాయి. చిక్కగా చేస్తే నెమ్మదిగా వస్తాయి, రెక్కకి టైముంటుంది. మీకిది చెప్పాల్సిన పని లేదు అసలు. మరెందుకు చూడలేదు?"

మేస్త్రీ తల దించుకున్నాడు. చొక్కా మీద ముద్ద ఎండిపోతోంది. దాని వాసన వస్తోంది.

"అసహ్యం," అన్నాడు.

టీచరు కోప్పడుతుందనుకున్నాడు. ఆమె చేతికి తొడుగు తగిలించుకుంటూ అంది: "నాకూ అసహ్యమే బాబాయ్. పొద్దున్నుంచి ఇది ఎన్నో నోరో. ఇంటికెళ్ళి పెరుగు చూస్తే కూడా తిప్పేస్తుంది కొన్నిరోజులు. పోవాలని ఎవరన్నారు? అసహ్యించుకునేదేదో కళ్ళు తెరిచి అసహ్యించుకోండి. రండి, ఎదురుగా కూర్చోండి. మిగిలింది మీరే తియ్యండి."

ఎదురుగా కూర్చున్నాడు. ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చాక అన్న నోటిలోకి మొదటిసారి చూశాడు. గుడ్డ చుట్టి వేలు బుగ్గలోకి పోనిచ్చాడు. వెచ్చగా, జారుగా, తనను తాను పట్టుకోలేని కండ. సింకు కింద వంపులో పేరుకునేదానికీ దీనికీ చూపుకు తేడా లేదు. కానీ అది చల్లగా ఉంటుంది. ఇది మనిషి వేడితో ఉంది, దాంతో ఇంకా అసహ్యంగా ఉంది. ముద్ద వచ్చింది. ఇంకొంత వచ్చింది. ఒకటి రెండు చెంచాలది కాదు. పెట్టినదాంట్లో సగం అక్కడే ఉంది.

"ఇంతా బుగ్గలో పెట్టుకుని రెండు గంటలెందుకు కొట్టావన్నా? ఒకటి కొట్టి ఆపొచ్చుగా?"

అన్న చాలాసేపు పెదవులు కూడదీసుకున్నాడు. మంచివైపు కన్ను తమ్ముడి మీదే ఉంది.

"నీ... మొహం... చూళ్ళేక," అన్నాడు. "తొందరగా... అయిపోతే... పోతావని."

టీచరు కిటికీ వైపు తిరిగి సంచీ సర్దుకుంది. మేస్త్రీ గుడ్డలోని ముద్దను చూస్తూ కూర్చున్నాడు. తన మీద తనకు పుట్టిన రోత ఆ ముద్ద మీది రోతను మించిపోయింది. అయినా ముద్ద మీది రోత తగ్గలేదు. రెండూ పక్కపక్కన ఉన్నాయి.

సాయంత్రం వదిన వచ్చి సంగతి విని, సంచీ కింద పెట్టకుండా నిలబడిపోయింది. అరిస్తే బాగుండు అనుకున్నాడు మేస్త్రీ. ఆమె అరవలేదు. "తెలుసు తెలుసు అన్నావు," అంది. అంతే. మొగుడి నుదుటి మీద చెయ్యి పెట్టి, తియ్యకుండా కూర్చుంది.

మర్నాడు అన్న ఒళ్ళు వెచ్చబడింది. వదిన ఆసుపత్రికి పోదామంటే అన్న మంచి చేత్తో మంచం పట్టె పట్టుకున్నాడు. విడిపించడం ఇద్దరివల్లా కాలేదు. మేస్త్రీ పోయి డాక్టరునే వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన ఛాతీ విని, ఎగపోత లేదు, వేడి అంత లేదు అని మందు మార్చి, రేపటికి పెరిగితే నన్నడగొద్దు, తీసుకొచ్చెయ్యండి అన్నాడు. మేస్త్రీ పనికి పోలేదు. ఒక హోటలువాళ్ళు తూము పొంగిందని మనిషి మీద మనిషిని పంపారు. "పొంగనీ" అన్నాడు. అన్న ఎదురుగా కుర్చీ వేసుకుని గుండె లేవడం దిగడం చూస్తూ కూర్చున్నాడు. అన్న దగ్గినప్పుడల్లా ముందుకు వంచి పట్టుకున్నాడు, వచ్చినదాన్ని గుడ్డలో పట్టి, వెలుతురుకి తెచ్చి రంగు చూశాడు. పచ్చగా వస్తే చెప్పమంది టీచరు. పలచగా, తెల్లగా వచ్చింది. ఇలాంటిది చూసి సంతోషపడే రోజొకటి వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే వాడి మొహాన ఉమ్మేవాడు. పూటపూటకీ పళ్ళూ నాలుకా తోమాడు. ఒకసారి పెరట్లోకి పోయి కక్కుకుని, నోరు కడుక్కుని, వచ్చి మళ్ళీ తోమాడు.

"కక్కుకున్నావా?" అన్నాడు అన్న.

"ఆఁ."

అన్న మంచివైపు పెదవి పైకి లేచింది. "మూతి... లేని... పిల్ల..." అని, అంతవరకే అనగలిగి ఆగాడు.

"నోర్ముయ్యి. ముందు తోమనియ్యి."

వేడి దిగింది. పెరగలేదు. మందు అయ్యేదాకా చూసి, టీచరు వచ్చి గొంతు మీద వేళ్ళు పెట్టి మింగించి చూసింది. మెత్తటి అన్నం ఇప్పట్లో లేదు, ఇదే ముద్ద ఇంకొన్నాళ్ళు అంది. గొట్టం మాట ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని ముగ్గురూ ఆమె వెళ్ళేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. గుమ్మంలో ఆగి మాత్రం ఒకటి చెప్పింది: ఆయన ఒక్కరికే పెట్టి మీరు తర్వాత తినకండి, అందరూ ఒకచోట కూర్చోండి, మింగేవాళ్ళను చూస్తే మింగుడు గుర్తొస్తుంది. మాటలు మాత్రం వద్దు.

ఆ రోజు వదినకు సెలవు. బల్ల గోడ దగ్గర్నుంచి లాగి మధ్యకు వేశారు. రేడియో కట్టేశారు. అన్నను నిటారుగా కూర్చోబెట్టి, దిండు సర్ది, మేస్త్రీ ఎదురుగా, నోరు కనబడేలా కూర్చున్నాడు. వదినకీ మేస్త్రీకీ అన్నం, కూర. అన్నకు కంచంలో లప్పం.

మొదటి అర చెంచా పెట్టాడు. ఈసారి గోడ వైపు చూడలేదు. పెదవి చివర జారింది తుడిచాడు. నాలుక దాన్ని వెతుక్కోవడం, కుడివైపుకు తోసుకోవడం, గొంతు బుడిపె లేద్దామా వద్దా అని ఆలోచించి చివరకు ఎక్కి దిగడం, అంతా చూశాడు. మొహం వికారంగా ముడుచుకుంది. ముడుచుకోనిచ్చాడు. అన్న ఆ మొహాన్ని చూశాడు.

రెండో చెంచా ఎత్తాడు. టంగ్. ఒకటే గంట.

మేస్త్రీ ఆపాడు. అన్న నోరు తెరవలేదు. చెంచా కేసి చూశాడు, తమ్ముడి నోటి కేసి చూశాడు. వదిన నవ్వు ఆపుకోలేక చెంగు అడ్డం పెట్టుకుంది. ఇంకో చెంచా తేబోయింది. టంగ్. వదిన కూర్చుంది.

అది ఎంగిలి చెంచా. కాకెంగిలి కూడా కాదు, అసలైన ఎంగిలి. చివర సన్నటి తీగ ఇంకా ఊగుతోంది. మేస్త్రీ దాన్ని చూశాడు. కళ్ళు మూసుకోబోయి, తెరిచాడు. గడ్డం గుండెకి ఆనించి నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు లేదు. రుచి లేదు. తడి గోడ నాకినట్టుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్న తమ్ముడి గొంతు బుడిపె మీదే చూపు పెట్టి, అది ఎక్కి దిగేదాకా కదలకుండా కనిపెట్టి చూశాడు. దిగాక కనుబొమ్మ ఎగరేశాడు.

"ఆ," అన్నాడు మేస్త్రీ.

గొంతు పొడిగానే వచ్చింది. అన్న తల ఊపాడు. వదిన లేచి, ఆ చెంచా అతని చేతిలోనే వదిలేసి, అన్నకు కడిగిన చెంచా తెచ్చి బల్లమీద పెట్టింది.

టంగుటంగు.

మేస్త్రీ కడిగిన చెంచాతో అన్నకు ఒకటి పెట్టి, అది దిగేదాకా ఆగి, ఎంగిలి చెంచాతో తన కంచంలోది తాను ఒకటి తిన్నాడు. వదిన తలవంచుకుని తింటూ, మధ్యలో ఒకసారి చెయ్యి చాచి మొగుడి గడ్డం కాస్త కిందికి వంచింది. బయట మబ్బు ఉందో పోయిందో ఎవరూ చూడలేదు. అన్నం చల్లారిపోయింది. అలాగే తిన్నారు.